గర్భసంచి తీయించుకోవాలని వచ్చిన 33 ఏళ్ల మహిళ: ఒక ఫ్యామిలీ డాక్టర్ కేస్ స్టడీ

ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసున్న మహిళల్లో ఇంచుమించు పదకొండు మందికి ఒకరు గర్భసంచి తీయించుకున్నవాళ్లే. దేశం మొత్తం మీద చూస్తే ముప్పై మందికి ఒకరు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కనిపించిన ఈ తేడా 2019-21 సర్వే నాటికీ పెద్దగా మారలేదు. తెలంగాణ పరిస్థితీ దగ్గర దగ్గరగా ఇదే. తెలుగు ఆడవాళ్ల గర్భసంచులకే ప్రత్యేకంగా వచ్చే జబ్బంటూ ఏమీ లేదు. కాబట్టి ఈ తేడాకు కారణం శరీరంలో వెతికితే దొరకదు. వైద్యం ఎలా అందుతోంది, దేనికి డబ్బు దొరుకుతోంది, ఎవరు ఎవరిని ఎక్కడికి పంపుతున్నారు అన్నవాటిలో వెతకాలి. ఈ కేసు రాయడానికి కారణం అదే. ఆమెను గుర్తుపట్టే వీలు లేకుండా ఊరు, వృత్తి, కుటుంబ వివరాల్లో కొన్ని మార్చాను. వైద్య వివరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను.

నేపథ్యం

33 ఏళ్లు. సీజన్‌లో మిరపకాయ కోతలకు, మిగతా రోజుల్లో దొరికిన పనికి వెళ్తుంది. పదహారో ఏట పెళ్లి, ఇరవై నిండేలోపు ఇద్దరు పిల్లలు, ఆ మరుసటి ఏడాదే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. మన దగ్గర ఇది అందరికీ తెలిసిన వరసే. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయి, పిల్లల్ని కనే వయసులో ఉన్న మహిళల్లో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నారు. ఇక పిల్లలు వద్దనుకున్నాక గర్భసంచి పని అయిపోయిందన్న భావన ఇంట్లోవాళ్లకే కాదు, కొందరు డాక్టర్లకూ ఉంది. ఈమె కేసులో అది అడుగడుగునా ఎదురైంది.

నా దగ్గరకు వచ్చేసరికి ఆమె చేతిలో ఒక నర్సింగ్ హోమ్ చీటీ, ఒక స్కానింగ్ రిపోర్టు ఉన్నాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ తనే వెంటబెట్టుకుని అక్కడికి తీసుకెళ్లాడట. 'గర్భసంచి వాచింది, నోటి దగ్గర పుండు పడింది, గడ్డ కూడా ఉంది, తీసేయకపోతే ముందుముందు క్యాన్సర్ కావచ్చు' అని చెప్పారు. ఖర్చు నలభై వేలు. నూటికి రెండు రూపాయల వడ్డీకి డబ్బు మాట్లాడుకుని, బీపీ ఎక్కువగా ఉంది, ముందు అది తగ్గించుకు రమ్మన్నారని నా దగ్గరకు వచ్చారు. అంటే ఆమె రెండో అభిప్రాయం కోసం రాలేదు. ఆపరేషన్‌కు ఫిట్‌నెస్ కోసం వచ్చింది. ఈ సంగతి మొదట్లోనే గుర్తుపెట్టుకోవాలి. ఆమె అడగని ప్రశ్నను నేను మొదలుపెడుతున్నాను కాబట్టి అది ఎందుకు మొదలుపెడుతున్నానో ఆమెకు అర్థమయ్యేలా చెప్పే బాధ్యత కూడా నాదే.

ఆమె చెప్పింది, నేను చూసింది

ఆమె చెప్పిన బాధలు మూడు: తెల్లబట్ట, నడుం నొప్పి, నెలసరిలో ఎక్కువగా పోవడం. మూడింటినీ కలిపి 'గర్భసంచి బాలేదు' అని చుట్టేశారు. నేను మొదట చేసింది వాటిని మళ్లీ విడదీయడం. మూడు బాధలకూ మూడు వేరు వేరు కారణాలు ఉండొచ్చు, ఒక్క ఆపరేషన్‌తో మూడూ పోతాయనే హామీ లేదు.

నెలసరి ప్రతి 28, 30 రోజులకు క్రమంగానే వస్తోంది. కాకపోతే ఆరేడు రోజులు ఉంటోంది, మొదటి మూడు రోజులు గడ్డలు పడుతున్నాయి, రాత్రి లేచి బట్ట మార్చుకోవాల్సి వస్తోంది. మధ్యలో చుక్కలు కనపడటం లేదు, కలయిక తర్వాత రక్తం లేదు. చిన్నప్పుడు దెబ్బ తగిలినా, పన్ను పీకించుకున్నా రక్తం ఆగకపోవడం లాంటిదేమీ లేదు. హిమోగ్లోబిన్ 7.9. గర్భిణి కాని మహిళల్లో 8 కంటే తక్కువ ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని తీవ్రమైన రక్తహీనత కిందే లెక్కవేస్తుంది. థైరాయిడ్ నార్మల్. ట్యూబెక్టమీ అయినా సరే గర్భ పరీక్ష చేశాను, గర్భం లేదని తేలింది.

స్కానింగ్‌లో 'గర్భసంచి కాస్త పెద్దది' అని రాశారు. ఇద్దరు పిల్లల్ని కన్న గర్భసంచి కాస్త పెద్దగా కనిపించడం జబ్బు కాదు. 'గడ్డ' అన్నది ఫైబ్రాయిడ్, అంటే గర్భసంచిలో వచ్చే క్యాన్సర్ కాని కండర గడ్డ. అది రెండు సెంటీమీటర్లు కూడా లేదు, గోడ కండరంలో ఉంది, లోపలి పొరను నెట్టడం లేదు. ఇంత చిన్నది, ఆ చోట ఉన్నది, ఇంత రక్తస్రావానికి కారణం కావడం అరుదు. ఫైబ్రాయిడ్ ఉందన్న మాట నిజమే. దానివల్లే రక్తం పోతోందన్నది మాత్రం నిజం కాకపోవచ్చు. రిపోర్టు చూసి నిర్ణయం తీసుకునే చోట జరిగే పొరపాట్లన్నీ ఈ రెండు వాక్యాల మధ్యే జరుగుతాయి.

తర్వాత స్పెక్యులం (ముఖద్వారం కనిపించేలా యోనిని తెరిచి పట్టే పరికరం) పెట్టి చూశాను. గర్భసంచి ముఖద్వారం చుట్టూ ఎర్రగా ఉంది. 'పుండు' అని చెప్పింది దీన్నే. లోపలి పొర కాస్త బయటికి కనిపించడం వల్ల వచ్చే ఎరుపు అది. పిల్లల్ని కనే వయసులో చాలామందికి ఉంటుంది, క్యాన్సర్‌కూ దానికీ సంబంధం లేదు. అయితే క్యాన్సర్ అనే మాట ఆమె చెవిన పడింది. 'భయపడొద్దు' అంటే సరిపోదు, పరీక్ష చేసి చూపించాలి. పలచని ఎసిటిక్ యాసిడ్‌లో దూదిని ముంచి ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగాను. కణాల్లో క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పులుంటే ఆ చోటు అంచులు కట్టినట్టు తెల్లబడుతుంది. ఎక్కడా తెల్లబడలేదు. ఆ నిమిషం పాటు నేను ఏం చేస్తున్నానో, దేనికోసం చూస్తున్నానో ఆమెకు చెబుతూనే ఉన్నాను.

దీన్ని వీఐఏ పరీక్ష అంటారు. ఖర్చు దాదాపు లేదు. ముంబై బస్తీల్లో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు లక్షన్నర మంది మహిళలతో, పన్నెండేళ్ల పాటు జరిపిన అధ్యయనంలో, శిక్షణ పొందిన సాధారణ ఆరోగ్య కార్యకర్తలు ఈ పరీక్ష చేస్తేనే ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. అంతకుముందు తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో జరిగిన అధ్యయనంలో ఒక్కసారి చేసిన స్క్రీనింగ్‌తోనే 35 శాతం తగ్గాయి. మన దేశంలో, మనలాంటి ఊళ్లలో, మనకున్న సిబ్బందితో తేలిన ఫలితాలివి. 2016 నుంచి జాతీయ కార్యక్రమం కింద 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు అయిదేళ్లకోసారి చేయాలని ఉంది. 2019-21 సర్వేలో మాత్రం 30-49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా ఈ స్క్రీనింగ్ చేయించుకున్నవాళ్లు రెండు శాతం లోపే. పరీక్ష అందకుండా, క్యాన్సర్ భయం మాత్రమే ఊరూరా చేరితే ఆ భయానికి దొరికే ఒకే ఒక్క జవాబు ఆపరేషన్ అవుతుంది.

తెల్లబట్ట విషయానికొస్తే, వాసన లేదు, దురద లేదు, పీహెచ్ నార్మల్, స్లైడ్‌లో ఇన్ఫెక్షన్ లేదు. అప్పటికే చాలాసార్లు యాంటీబయాటిక్ కిట్లు వాడింది. మళ్లీ ఇవ్వలేదు. మానసిక వైద్య పరిశోధకుడు డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం గోవాలో చేసి 2005లో ప్రచురించిన అధ్యయనం నాకు ఇక్కడ ఎప్పుడూ గుర్తొస్తుంది. తెల్లబట్ట అని చెప్పే మహిళల్లో ఇన్ఫెక్షన్ల కంటే దిగులు, ఆందోళన, ఇంట్లో ఇబ్బందులతోనే ఆ బాధకు ఎక్కువ సంబంధం కనిపించింది. అందుకని ఇల్లెలా నడుస్తోందని అడిగాను. అప్పులున్నాయి, భర్త తాగుతాడు, పెద్దమ్మాయి పదో తరగతి. 'ఒళ్లంతా నీరసం డాక్టరమ్మా, లోపల ఉన్నదంతా తెల్లబట్టలో పోతున్నట్టుంటది' అంది. 7.9 హిమోగ్లోబిన్‌తో ఎండలో వంగి కాయ కోసే మనిషికి నీరసం రాక ఏం వస్తుంది!

నడుం నొప్పి వంగి చేసే పని వల్ల వచ్చినదే. దానికి ఆర్‌ఎంపీ నెలల తరబడి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు వేస్తున్నాడు. బీపీ 148/94. ఈ రెండింటినీ కలిపి చూడాలి. ఆ రకం నొప్పి మందులు బీపీని పెంచుతాయి. 33 ఏళ్ల మనిషికి జీవితకాలం బీపీ మాత్ర రాసే ముందు ఆ ఇంజెక్షన్లు ఆపి చూడటం సబబు. ఆపించాను. రెండు నెలల్లో బీపీ 132/84కి వచ్చింది.

మొదట ఎంచుకున్న దారి

ఇక్కడ ఒక విషయం దాటేయకూడదు. ఆపరేషన్ కావాలని అడిగింది ఆమే. 'తీయించెయ్యండి డాక్టరమ్మా, ఆ పీడ వదిలిపోద్ది' అన్నది ఆమె మాట. ఎందుకని అడిగితే చెప్పింది: కోతల సీజన్‌లో నెలకు నాలుగు రోజులు కూలి పోతుంది, చేలో మరుగు ఉండదు, బట్ట మార్చుకునే చోటుండదు, ఒకసారి చీరకు మరక అయితే మేస్త్రీ ముందు తలెత్తుకోలేకపోయింది. ఇవి అజ్ఞానంతో చెప్పిన మాటలు కావు, ఆమె బతుకు లెక్క. ఎవిడెన్స్ బేస్డ్ మెడిసిన్‌ను, అంటే ఆధారాలను బట్టి చేసే వైద్యాన్ని, 1996లో డాక్టర్ డేవిడ్ సాకెట్ బృందం వివరించినప్పుడే మూడు విషయాలు కలవాలని చెప్పింది: దొరికిన వాటిలో మేలైన ఆధారం, డాక్టర్ అనుభవం, పేషెంటుకు ఏది ముఖ్యం అన్నది. మూడోదాన్ని వదిలేసి మొదటిదాన్ని మాత్రమే వల్లిస్తే పేషెంటు మర్యాదగా తలూపి వెళ్లిపోతుంది, మళ్లీ రాదు.

అందుకని ఆమెకు 'ఆపరేషన్ వద్దు' అని చెప్పలేదు. 'నీకు కావాల్సింది నెలసరి వల్ల పని ఆగకపోవడం, నీరసం తగ్గడం, క్యాన్సర్ భయం లేకపోవడం. ఈ మూడూ ఆపరేషన్ లేకుండా వస్తాయేమో ఆర్నెల్లు చూద్దాం. రాకపోతే ప్రభుత్వ ఆసుపత్రిలో ఆపరేషన్‌కు నేనే రాసిస్తాను' అన్నాను. ఆ మాట నిజంగానే అన్నాను. పెద్ద ఫైబ్రాయిడ్లు, మందులకు లొంగని అడినోమయోసిస్ (గర్భసంచి లోపలి పొర గోడ కండరంలోకి పెరగడం), క్యాన్సర్, లేదా అన్ని దారులూ తెలుసుకున్నాక ఒక మహిళ తనంతట తాను తీసుకున్న నిర్ణయం, వీటన్నిటిలో ఆపరేషన్ సరైన వైద్యమే. నా అభ్యంతరం వరసక్రమం గురించి. చివర రావాల్సింది మొదట వస్తోంది.

ఎందుకు చివర రావాలి? ఆపరేషన్‌లో మూత్రాశయానికి దెబ్బ తగలడం, ఇన్ఫెక్షన్, రక్తస్రావం లాంటి ప్రమాదాలు అందరికీ తెలిసినవే. అసలు నష్టం తర్వాత ఉంటుంది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పైల్లోనే మెనోపాజ్ (ముట్లుడిగే దశ) వస్తుంది. అమెరికాలో నర్సుల మీద దశాబ్దాల పాటు సాగిన అధ్యయనంలో, గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీయించుకున్నవారిలో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు తగ్గినా, గుండె జబ్బులు, మొత్తం మరణాలు ఎక్కువగా కనిపించాయి. అండాశయాలు ఉంచినా మెనోపాజ్ ముందుగా వచ్చే అవకాశం పెరుగుతుంది. 33 ఏళ్ల కూలి మనిషి ఎముకలు, గుండె ఇంకో ముప్పై ఏళ్లు పని చేయాలి.

రక్తస్రావానికి ట్రానెక్సమిక్ యాసిడ్ మొదలుపెట్టాను. నెలసరి ఎక్కువగా ఉన్న రోజుల్లో మాత్రమే, రోజుకు మూడు పూటలు. ఇది రక్తస్రావాన్ని సుమారు సగం వరకు తగ్గిస్తుంది, హార్మోన్ కాదు, జనరిక్ షాపులో చవకగా దొరుకుతుంది. ఆమెకు గాని, ఇంట్లోవాళ్లకు గాని రక్తనాళాల్లో గడ్డకట్టిన చరిత్ర లేదు. మెఫెనమిక్ యాసిడ్ కూడా కొంత పనిచేసేదే కాని అదీ డైక్లోఫెనాక్ రకం నొప్పి మందే, బీపీ చూసి ఇవ్వలేదు. ఎక్కువగా వాడే గర్భనిరోధక మాత్రల్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఉంటుంది. 140/90 దాటిన బీపీకి ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని సాధారణంగా వద్దంటుంది. అదీ పక్కన పెట్టాను.

రక్తహీనతకు ఐరన్ మాత్ర రోజు విడిచి రోజు ఇచ్చాను. స్విట్జర్లాండ్‌లో 2017లో వచ్చిన అధ్యయనం ప్రకారం రోజూ వేసుకోవడం కంటే రోజు మార్చి రోజు వేసుకుంటే వేసుకున్న దానిలో ఎక్కువ భాగం ఒంటికి పడుతుంది. కాకపోతే ఆ అధ్యయనంలోని స్త్రీలలో ఐరన్ నిల్వలు తక్కువే తప్ప ఇంత తీవ్రమైన రక్తహీనత లేదు, ప్రతి నెలా ఇంత రక్తం పోవడమూ లేదు. అందుకే దీన్ని తాత్కాలికమైన ఎంపికగానే తీసుకుని, మూడు నెలల్లో హిమోగ్లోబిన్ పెరగకపోతే ఆగకుండా మార్చాలని ఆమె ఫైలు మీదే రాసిపెట్టాను. ఒక అధ్యయనం ఎవరి మీద జరిగిందో చూడకుండా ఫలితం మాత్రమే పట్టుకొస్తే ఇలాంటి చోటే దెబ్బతింటాం.

ఎక్కడ ఆగిపోయింది

నెలసరి రోజులు గుర్తుపెట్టమని గోడ క్యాలెండర్ వాడమన్నాను. ఎక్కువ పోయిన రోజు చుట్టూ గుండ్రంగా గీయాలి, మామూలుగా ఉన్న రోజు అడ్డగీత పెట్టాలి. మూడు నెలల తర్వాత ఆ కాగితాలు చించి, మడతపెట్టి తెచ్చింది. మొదటి నెల గుండ్రాలు ఒకటే ఉన్నాయి. రెండో నెలలో మూడు. మూడో నెలలో మళ్లీ నాలుగు. హిమోగ్లోబిన్ 8.4.

మందు పనిచేయలేదా? క్యాలెండర్ చూస్తే అది కాదని తెలుస్తోంది. మొదటి నెల ఆమె ఇంట్లో ఉంది. రెండో నెలకు కోతలు మొదలయ్యాయి. తెల్లవారకముందే ట్రాలీ ఎక్కి వెళ్తే పొద్దుపోయాక వస్తుంది. మధ్యాహ్నం మాత్ర కొంగున కట్టుకుని వెళ్లాలి, అది చెమటకు కరిగిపోయేది. మూడో నెల మాత్రలు అయిపోయాయి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాక్ లేదు, మెడికల్ షాపు వరకు వెళ్లే తీరిక లేదు. ఐరన్ మాత్ర పరగడుపున వేసుకుంటే వికారం, టీతో వేసుకుంటే ఒంటికి పట్టదు. చేలో అందరూ కలిసి తాగేది టీయే.

'పేషెంటు మాట వినలేదు' అని ఫైల్లో రాయడం తేలిక. అది తప్పుడు నిర్ధారణ. రోజుకు మూడు పూటల మందు, రోజంతా చేలో ఉండే మనిషికి సరిపోని వైద్యం. కాబట్టి ఆమెకు మళ్లీ హితబోధ చేయడం కాకుండా, రోజూ గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం లేని వైద్యం వెతకాలని నిర్ణయించుకున్నాను. ఐరన్ సెలైన్ ద్వారా, రక్తస్రావానికి హార్మోన్ లూపు.

హార్మోన్ లూపు గురించి మంచి ఆధారం ఉంది. లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్‌ను కొద్దికొద్దిగా గర్భసంచి లోపలే వదులుతుంది. బ్రిటన్‌లో ఫ్యామిలీ డాక్టర్ల దగ్గరకు వచ్చిన 571 మంది మహిళలతో జరిగిన ఎక్లిప్స్ అధ్యయనం 2013లో వచ్చింది. మామూలు మందుల కంటే ఇది మేలని తేలింది. రెండేళ్ల తర్వాత లూపు ఉంచుకున్నవాళ్లు 64 శాతం, మందులు కొనసాగించినవాళ్లు 38 శాతం. నాకు ఆ అధ్యయనంలో నచ్చింది ఇంకొకటి. అందులో ప్రధానంగా కొలిచింది ఎన్ని మిల్లీలీటర్ల రక్తం పోయిందని కాదు. పని చేసుకోగలుగుతున్నారా, ఇల్లు నడుపుకోగలుగుతున్నారా, నలుగురిలోకి వెళ్లగలుగుతున్నారా అని. కాయ కోసే ఆమె నాకు చెప్పిన లెక్కా సరిగ్గా అదే.

కాని ఆమె ఒప్పుకోలేదు. మొదటి కాన్పు తర్వాత కాపర్ టీ వేయించుకుంటే నెలసరి ఇంకా ఎక్కువైంది. కాపర్ టీతో అలా జరగడం నిజమే కాబట్టి ఆమె భయం అనుభవంతో వచ్చింది. 'లూపు' అనే పేరుతోనే రెండింటినీ పిలుస్తాం. నేను తేడా చెప్పాను, బొమ్మ గీసి చూపించాను, అధ్యయనం సంగతి చెప్పాను. ఫలితం లేదు. భర్త, అత్త మళ్లీ నలభై వేల మాట ఎత్తారు.

తోటికోడలు

ఆ తర్వాతి సారి ఆమె తోటికోడలిని తోడు తెచ్చుకుంది. ఆ తోటికోడలికి 29వ ఏట గర్భసంచి తీశారు, ఇప్పుడు 36. నేను లూపు గురించి మళ్లీ మొదలుపెట్టకముందే తోటికోడలు తన మాట చెప్పింది. నడుం నొప్పి పోలేదు. రాత్రిళ్లు ఒళ్లంతా ఆవిర్లు వచ్చి చెమటతో తడిసిపోతుంది. తీసుకున్న అప్పు తీరడానికి నాలుగేళ్లు పట్టింది. 'నన్ను ఎవరూ ఇన్ని మాటలు చెప్పి అడగలేదక్కా, నువ్వు ఆ ఒక్కటీ చూసుకో' అంది.

అంతకుముందు నేను చెప్పిన ఏ అంకె చేయని పని ఆ మాట చేసింది. దీన్ని నేను జాగ్రత్తగానే తీసుకుంటాను. ఒక్క మనిషి అనుభవం ఆధారం కాదు. ఆపరేషన్ తర్వాత హాయిగా ఉన్న మరో బంధువు వచ్చి ఉంటే ఆ మాటా అంతే బలంగా పనిచేసేది, అలాంటి వాళ్లూ చాలామందే ఉన్నారు. ఇక్కడ తోటికోడలి అనుభవం పెద్ద అధ్యయనాలు చెప్పినదానితో కలిసింది కాబట్టి నేను అడ్డుచెప్పలేదు. కలవకపోయి ఉంటే, ఆమె బాధపడినా సరే, అందరికీ ఇలాగే జరగదని చెప్పాల్సి వచ్చేది.

తర్వాత పని త్వరగానే నడిచింది. ఏరియా ఆసుపత్రిలో డే కేర్‌లో సెలైన్ ద్వారా ఐరన్ ఎక్కించారు. హార్మోన్ లూపు అక్కడి సరఫరాలో లేదు. బయట కొంటే కొన్ని వేలు. నర్సింగ్ హోమ్ అడిగిన దానిలో పదో వంతు కూడా కాదు, అయినా ఆ ఇంటికి అది మొత్తంగా ఒకేసారి చేతినుంచి పోయే డబ్బే. భర్త ట్రాక్టర్ యజమాని దగ్గర తెచ్చాడు. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రి గైనకాలజిస్టు వేశారు. ఆ డాక్టర్‌తో ముందే మాట్లాడి, ఫైబ్రాయిడ్ లోపలి పొరను నెట్టడం లేదని స్కాన్ మళ్లీ చూపించుకున్నాను.

వేసే ముందు ఆమెకు ఒక్క విషయం నొక్కి చెప్పాను. మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా, వేళాపాళా లేకుండా కనిపిస్తుంది. అది మందు పనిచేయకపోవడం కాదు. ఆ తర్వాత చాలామందికి నెలసరి బాగా తగ్గుతుంది, కొందరికి పూర్తిగా ఆగుతుంది, ఆగితే చెడు రక్తం లోపల నిలవ ఉన్నట్టు కాదు. ఆ చివరి మాట చెప్పకుండా పంపితే ఆరో నెలలో ఎవరో ఒకరు 'లోపల రక్తం గడ్డకడుతోంది' అంటారు, లూపు తీయించేస్తారు. సరిగ్గా మూడో నెలలో టెన్షన్ పడుతూ అత్తతో కలిసి వచ్చింది. క్యాలెండర్ నిండా చుక్కలు. గుండ్రం మాత్రం ఒక్కటీ లేదు. ఆ కాగితం అత్తకే చూపించాను, ఆమె వేలితో ఒక్కో వారం లెక్కపెట్టుకుంది. ఊళ్లో ఆశా కార్యకర్తకు కూడా ముందే ఈ సంగతి చెప్పి ఉంచడం వల్ల మధ్యలో రెండుసార్లు ఆమె ఇంటికెళ్లి ధైర్యం చెప్పింది. నేను క్లినిక్‌లో కూర్చుని చెయ్యలేని పని అది.

ఏడాది తిరిగేసరికి హిమోగ్లోబిన్ 12.1. నెలసరి రెండు రోజులు, తేలికగా. తెల్లబట్ట గురించి అడిగితే 'ఉంటది కాని దాని గురించి ఆలోచించట్లేదు' అంది. నడుం నొప్పి పోలేదు, పనితో వస్తుంది, పడుకుంటే తగ్గుతుంది. ఆ సీజన్‌లో నెలసరి వల్ల ఒక్క రోజు కూడా కూలి పోలేదని తనే చెప్పింది.

ఈ కేసు చెప్పే విషయం

ఇందులో ఏ వైద్యమూ కొత్తది కాదు. ట్రానెక్సమిక్ యాసిడ్, ఐరన్, హార్మోన్ లూపు, వీఐఏ, అన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే. మరి ఈమె ఆపరేషన్ టేబుల్ అంచుదాకా ఎలా వెళ్లింది? ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటి నుంచి మన వ్యవస్థలో డబ్బు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి మంచం ఎక్కిన వైద్యానికే దొరికింది. ఆ పథకం లక్షల కుటుంబాలను కాపాడింది, గుండె ఆపరేషన్లు, డయాలసిస్ పేదలకు అందాయి, అది చిన్న విషయం కాదు. కాని తొలినాళ్లలో గర్భసంచి ఆపరేషన్లు పెరిగిపోయి, తర్వాత వాటిని ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితం చేయాల్సి వచ్చింది. ప్యాకేజీ ఆగితే ఆపరేషన్ ఆగలేదు, అప్పు మీదికి మళ్లింది. దేశంలో గర్భసంచి ఆపరేషన్లలో దాదాపు మూడింట రెండు వంతులు ప్రైవేటులోనే జరుగుతున్నాయి. ఒక తలుపు మూసినప్పుడు ఇంకో తలుపు తెరవాలి. అదే సమస్యకు ఆపరేషన్ లేని వైద్యం ఊరి దగ్గరే, డబ్బు లేకుండా దొరకాలి. అది జరగలేదు.

కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో అనవసర గర్భసంచి ఆపరేషన్లను నివారించే మార్గదర్శకాలు ఇచ్చింది. జిల్లా స్థాయి దాకా పర్యవేక్షణ కమిటీలు ఉండాలంది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. మంచిదే. కాని పర్యవేక్షణ తప్పు జరిగాక లెక్కపెడుతుంది. ఈమెను ఆపింది కమిటీ కాదు. స్పెక్యులం, దూది, ఎసిటిక్ యాసిడ్, క్యాలెండర్, ఆశా కార్యకర్త, సెలైన్ పెట్టగలిగిన ఏరియా ఆసుపత్రి, కొన్ని వేలకు దొరికిన లూపు. వీటిలో ఒక్కటి లేకపోయినా ఆగేది కాదు. అదే 2023 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలై, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్ 104 వాహనంతో నెలకు రెండుసార్లు ఊరికి వెళ్లాలన్నారు. బీపీ, షుగర్ చూడటానికి ఆ ఏర్పాటు ఉపయోగపడుతుంది. నెలసరి సమస్యకు కూడా ఉపయోగపడాలంటే ఊళ్లో స్పెక్యులం పెట్టి చూసే మరుగున్న గది ఉండాలి, ట్రానెక్సమిక్ యాసిడ్ స్టాకు తప్పకుండా ఉండాలి, హార్మోన్ లూపు ప్రభుత్వ సరఫరాలోకి రావాలి. లూపు ఖర్చును ఒక ఆపరేషన్ ఖర్చుతో, దాని తర్వాత పోయే కూలి రోజులతో పోల్చి చూస్తే ఇది ప్రభుత్వానికి కూడా లాభసాటి నిర్ణయమేనని నేను నమ్ముతున్నాను.

తోటి డాక్టర్లకు ఒక్క విన్నపం. తోటికోడలి పాత డిశ్చార్జ్ సమ్మరీ తెప్పించి చూశాను. గర్భసంచి తీశారని ఉంది. అండాశయాలు ఉంచారో తీశారో ఎక్కడా రాయలేదు. ఆమెకు ఇప్పుడు హార్మోన్ మందు అవసరమా, ఎముకల పరీక్ష ఎప్పుడు చేయాలి అన్నవి తేల్చాలంటే మొదట తెలియాల్సింది అదే. స్కాన్‌లో ఎడమవైపుది కనిపించడం లేదు, కుడివైపుది స్పష్టంగా లేదు. హార్మోన్ పరీక్షలకు పంపాను, ఆ ఫలితాల కోసం చూస్తున్నాం. దయచేసి ఆపరేషన్ కాగితంలో ఆ ఒక్క లైను రాయండి: రెండు అండాశయాలూ ఉంచామా, ఒకటి తీశామా, రెండూ తీశామా.